పెంటయ్య... బతకాలని పెట్టిన పేరు!

బిడ్డ పుట్టగానే నక్షత్రం చూసి, పుస్తకాలు తిరగేసి, పదిమందినీ అడిగి ముచ్చటైన పేరు వెతకడం అమ్మానాన్నల సరదా. కానీ ఒకప్పుడు కోరి కోరి చెత్తకుప్ప పేరు పెట్టేవారు. అదీ లేకలేక దక్కిన కొడుక్కి! నల్లమల అంచున ఉన్న అచ్చంపేట మొదలు పాలమూరు పల్లెల దాకా వినిపించే 'పెంటయ్య' అన్న పేరు వెనక నవ్వులాట లేదు. ఓ తల్లి కడుపుకోత ఉంది.

'పెంటయ్యా...' అని బడిలో హాజరు పిలవగానే వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వు. సినిమాలో హాస్యపాత్రకి ఆ పేరు పెడితే చాలు, మాట మాట్లాడకముందే హాల్లో నవ్వులు. ఉద్యోగం కోసం పట్నం వెళ్లిన కుర్రాడు అసలు పేరు దాచుకుని ఇంకేదో చెప్పుకోవాల్సిన పరిస్థితి. 'పెంట పెంట చేసిండు' అంటే పని పాడుచేశాడని అర్థం. మరి అలాంటి మాటని కన్నకొడుకు పేరులో ఎవరైనా ఎందుకు పెడతారు? చదువు లేకనా? తెలియకనా? కాదు. అన్నీ తెలిసే పెట్టారు. ఆ మాట ఎంత అసహ్యంగా ఉంటే అంత మంచిదనుకుని మరీ పెట్టారు!

చాటలో పడుకోబెట్టి...

అది ఇళ్లలోనే పురుళ్లు పోసుకునే కాలం. మొదటి బిడ్డ పుట్టి పురిటి స్నానం కాకముందే పోయింది. రెండోది పాలు తాగుతూ తాగుతూ ఓరోజు నోరు తెరవలేదు. మూడోది నడక నేర్చే వేళకి అమ్మవారు పోసి పోయింది. నాలుగోసారి కడుపు పండితే ఆ ఇంట్లో సంతోషం కన్నా భయమే ఎక్కువ. ఈ బిడ్డనైనా మృత్యువు కంట పడకుండా దాచుకోవాలి. ఎలా?

పెద్దవాళ్లు చెప్పిన ఉపాయం ఇది. పుట్టిన బిడ్డని చాటలో పడుకోబెట్టి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టేవారు. తల్లి అటు తిరిగి చూడకూడదు. అంతకుముందే మాట్లాడి పెట్టుకున్న ఇంకో ఇంటి ఆడమనిషి అటుగా వచ్చి, ఏమీ ఎరగనట్టు బిడ్డని ఎత్తుకునేది. సాధారణంగా పిల్లలంతా బతికి బట్టకట్టిన తల్లినే ఈ పనికి పిలిచేవారు. 'పెంట మీద దొరికిండు, గీ పోరడు నా వోడు. గావాల్నంటే కొనుక్కో' అని ఆమె అనడం, తల్లి చాటెడు తవుడో నూకలో ఇచ్చి తన బిడ్డని తానే 'కొనుక్కోవడం'... తంతు అంతటితో పూర్తి. ఆనాటి నుంచి వాడు కన్నకొడుకు కాదు, కొనుక్కున్న కొడుకు. పేరు పెంటయ్య. ఆడపిల్లయితే పెంటమ్మ.

అర్థమయిందిగా? ముద్దుగా పెంచుకునే బిడ్డనైతే మృత్యువు ఎత్తుకుపోతుంది. ఎవరికీ అక్కర్లేక పెంట మీద పారేసినదాన్ని ఎవరు ఎత్తుకుపోతారు? మృత్యువుకి కూడా అసహ్యం వెయ్యాలి. ఎవరికీ పనికిరాని పిల్లాడులే అనుకుని పక్కింటికి కూడా వెళ్లకుండా వెనక్కి పోవాలి. అదీ ఆ తల్లి ఎత్తుగడ. అంతమంది బిడ్డల్ని పోగొట్టుకున్నాక ఆమె చేతిలో మిగిలిన ఆయుధం అదొక్కటే... పేరు!

సగం మృత్యువుకి... సగం బిడ్డకి

ఈ పేరుని విడదీసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ముందున్న 'పెంట' అంటే పేడ, చెత్త, కసువు కలిసిన కుప్ప. వెనకున్న 'అయ్య' అంటే తండ్రి, పెద్దాయన. అన్న, అప్ప, అయ్య... ఇవన్నీ ద్రావిడ భాషల్లో ఇంటి పెద్దల్ని పిలుచుకునే పిలుపులు. వాటినే పేర్ల చివర తగిలించి మల్లన్న, వీరప్ప, రామయ్య అని పిలుచుకోవడం తరతరాలుగా ఉంది. పసిగుడ్డుని 'అయ్య' అనడంలో వీడు బతికి, పెరిగి, పదిమందికీ పెద్దవాడవ్వాలన్న ఆశ ఉంది.

అంటే ఒకే పేరులో రెండు మాటలు చెప్పిందన్నమాట ఆ తల్లి. 'వీడు చెత్త, వీడి జోలికి రాకు' అన్న మొదటి సగం మృత్యువుకి. 'నువ్వు నా తండ్రివి, నూరేళ్లుండు' అన్న రెండో సగం బిడ్డకి. పైకి తిట్టులా వినిపించే ఆ పేరు నిజానికి ఓ దీవెన.

అదీకాక రైతు ఇంట పెంటకుప్ప అంటే ఒట్టి చెత్త కాదు. ఏడాది పొడుగునా కూడిన పేడా కసువూ ఎండాకాలంలో బండ్లకెత్తి చేలకి తోలితేనే తొలకరికి నేల సిద్ధమయ్యేది. రసాయన ఎరువులు రాని రోజుల్లో ఎవరింటి వెనక పెంట ఎంత పెద్దదైతే వాళ్ల పొలం అంత బలం. పట్నం వాళ్ల కంటికి మురికిగా కనిపించేది పల్లెలో పంటకి ప్రాణం.

అడవిలో పెంట వేరు

అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమలలోకి అడుగుపెడితే 'పెంట' అన్న మాటకి అర్థమే మారిపోతుంది. అక్కడ పెంట అంటే చెంచుల గూడెం. అప్పాపూర్, మేడిమల్కల లాంటివన్నీ చెంచుపెంటలే. అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి 1940లో పరిశోధన చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన పుస్తకంతో ఈ పెంటల జీవితం ప్రపంచానికి తెలిసింది.

మరి పెంటయ్య అన్న పేరు ఈ చెంచుపెంట నుంచి వచ్చిందేమో అన్న అనుమానం రావచ్చు. కానీ చెంచుల ఊసే లేని మైదానం జిల్లాల్లోనూ పెంటయ్యలున్నారు. బిడ్డని కుప్ప మీద పెట్టే ఆచారమూ అక్కడ ఉంది. కాబట్టి పేరు వెనకున్నది అడవిలోని గూడెం కాదు, ఇంటి వెనకున్న కుప్పే. ఒకే మాట గుట్ట కింద చెత్తకుప్ప, గుట్ట మీద ఊరు. ఆ రెండర్థాలూ పక్కపక్కనే వినిపించే చోటు అచ్చంపేట.

దేవుడి దారి ఒకటి...

పిల్లల్ని కాపాడుకోవడానికి పేరుని వాడుకోవడంలో ఈ ప్రాంతంలో రెండు దారులున్నాయి. మొదటిది దేవుడి అండ కోరడం. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా చెప్పే ఉమామహేశ్వరం అచ్చంపేటకి దగ్గర్లోనే ఉంది. ఇంకా లోపలికి వెళ్తే చైత్ర పౌర్ణమికి జాతర జరిగే సలేశ్వరం. లోయలోకి దిగేటప్పుడు 'వస్తున్నాం లింగమయ్యా' అనీ, తిరిగి వచ్చేటప్పుడు 'పోతున్నాం లింగమయ్యా' అనీ భక్తులు కేకలు పెడుతుంటే అడవంతా మారుమోగుతుంది. తొలి ఏకాదశికి జనం కదిలే లొద్ది మల్లయ్య కొలువు కూడా ఈ అడవిలోనే. చెంచులకైతే శ్రీశైల మల్లికార్జునుడు తమ ఆడపడుచుని పెళ్లాడిన అల్లుడు. అందుకే ఆయన్ని చెంచు మల్లయ్య అంటారు. ఇంతమంది దేవుళ్ల నీడన ఉన్న చోట లింగయ్యలూ మల్లయ్యలూ కనిపించని ఊరుంటుందా? అమ్మవారు పోసిన పిల్లలు బతికితే పోచయ్య, పోచమ్మ. దర్గాకి మొక్కుకుంటే పుట్టిన హిందువుల బిడ్డ పకీరయ్య. ఇవన్నీ 'స్వామీ, వీడు నీవాడు, నువ్వే కాపాడు' అని అప్పజెప్పే పేర్లు.

రెండో దారి మృత్యువు కళ్లు కప్పడం. దేవుళ్లందరికీ మొక్కినా బిడ్డలు దక్కని వాళ్లు చివరికి పట్టిన దారి ఇది. పెంటయ్య ఆ దారిన వచ్చినవాడు.

పుల్లయ్య... తవిటయ్య... అందరూ చుట్టాలే!

ఈ దారిలో పెంటయ్య ఒంటరివాడేం కాదు. అన్నం తిని పారేసిన ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించిన పిల్లాడు పుల్లయ్య. ఎంగిలి విస్తరిని పుల్లాకు అంటారు మరి. తవుడు ఇచ్చి కొనుక్కున్నవాడు తవిటయ్య. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటినాయుడు అన్న పేరు ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది. నాలుగిళ్లలో బిచ్చమెత్తిన గింజలతోనో గుడ్డతోనో పెంచినవాడు బిచ్చయ్య. కాస్త సంస్కృతం అద్దుకుంటే భిక్షమయ్య, భిక్షపతి. భిక్షపతి అంటే శివుడి పేరు కూడా కావడంతో దానికి మర్యాద దక్కింది. పాపం పెంటయ్యకి ఆ వీలు లేకపోయింది!

పుల్లయ్య మాత్రం అదృష్టవంతుడే. తెలుగు సినిమా తొలినాళ్లలో ఆ పేరుతో ఇద్దరు మహానుభావులు దర్శకులుగా వెలిగారు. 1934లో 'లవకుశ' తీసిన సి.పుల్లయ్య ఒకరు. 1960లో 'శ్రీ వెంకటేశ్వర మహత్యం' తీసిన పి.పుల్లయ్య మరొకరు. తెర మీద ఆ పేరు చూసిన ఏ ప్రేక్షకుడికీ ఎంగిలాకు గుర్తుకు రాలేదు. పేరుకి గౌరవం అర్థాన్ని బట్టి కాదు, మనిషిని బట్టి వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

సరిహద్దు దాటి కర్ణాటకకి వెళ్తే అక్కడ తిప్పయ్య, తిప్పణ్ణ కనిపిస్తారు. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్పే. తమిళనాడులో కుప్పన్, కుప్పుస్వామి. అక్కడ కుప్పై అంటే చెత్త. ఉత్తరాదిన ఘురే, ఘుర్‌హూ అంటే చెత్తకుప్పవాడు. ఘసీటా అంటే నేల మీద ఈడ్చినవాడు. బేచూ అంటే అమ్మేసినవాడు. బెంగాల్లో తీన్‌కొడి అంటే మూడు గవ్వలకి కొన్నవాడు. పంజాబీల పేర్ల మీద 1883లోనే పుస్తకం రాసిన రిచర్డ్ టెంపుల్ ఇలాంటి 'తిట్టు పేర్ల'ని ప్రత్యేకంగా చర్చించాడు. భాషలు వేరైనా తల్లుల ఉపాయం ఒక్కటే!

ఎల్లలు దాటిన ఎత్తు

ఇదంతా మన దేశంలోని మూఢనమ్మకమే అనుకుంటే పొరపాటు. చైనా పల్లెల్లో గౌషెంగ్ అన్న పేరుండేది. అంటే కుక్క తినగా మిగిలినవాడు! కొరియాలో పిల్లల్ని ముద్దుగా గేట్టోంగి అని పిలిచేవారు. అర్థం కుక్కపెంట. మంగోలియాలోనైతే మృత్యువుని ఏకంగా అయోమయంలో పడేస్తారు. నెర్గుయ్ అంటే పేరు లేనివాడు, ఎనెబిష్ అంటే వీడు కాదు, హున్‌బిష్ అంటే మనిషి కాదు. 'ఎవర్ని తీసుకెళ్లాలి?' అని వచ్చిన మృత్యువుకి 'వీడు కాదు' అన్నదే పేరుగా చెప్తే ఇంకేం చేస్తుంది!

నైజీరియాలోని యొరూబాలది మరో పద్ధతి. పుట్టి పుట్టి చనిపోయే బిడ్డ మళ్లీ మళ్లీ అదే కడుపున వస్తుందని వారి నమ్మకం. అలాంటి బిడ్డని అబికు అంటారు. అందుకే వాళ్లు మృత్యువుని మోసగించరు, బిడ్డనే బతిమాలతారు. మలోమో అంటే ఇక వెళ్లిపోకు. కొకుమో అంటే ఇక చనిపోడు. బంజోకో అంటే నా దగ్గర కూర్చో. దురోజయే అంటే ఆగి, బతుకుని అనుభవించు.

యూరప్‌లో ఇంకో దారి. అక్కడ చనిపోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం చాలా ఇళ్లలో ఉండేది. నెదర్లాండ్స్‌లోని జుండర్ట్ అన్న ఊళ్లో మతబోధకుడి ఇంట 1852 మార్చి 30న పుట్టిన మగబిడ్డ ప్రాణం లేకుండానే పుట్టాడు. ఆ బిడ్డకి తాత పేరే పెట్టి సమాధి చేశారు. సరిగ్గా ఏడాదికి, 1853 మార్చి 30న, మరో మగబిడ్డ పుడితే వాడికీ అదే పేరు పెట్టారు... విన్సెంట్. ఆ రెండోవాడే ప్రపంచం మెచ్చిన చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో. లాటిన్ మూలం ప్రకారం ఆ పేరుకి అర్థం 'జయించేవాడు'. తండ్రి పనిచేసే చర్చి ఆవరణలోనే అన్న సమాధి. దాని మీద తన పేరు!

జుండర్ట్ తల్లి పోయిన బిడ్డ పేరుని నిలబెట్టుకుంది. పాలమూరు తల్లి ఉన్న బిడ్డని చెత్త పేరు వెనక దాచుకుంది. ఇద్దరిదీ ఒకటే దుఃఖం.

కాపాడాల్సిన కుప్పే...

ఈ కథలో గుండె చివుక్కుమనే మలుపు ఒకటుంది. ఒకప్పుడు పురిట్లోనే పసిపిల్లల్ని పొట్టనపెట్టుకున్న జబ్బుల్లో ధనుర్వాతం ఒకటి. ఆ జబ్బు క్రిములు ఎక్కడుంటాయో తెలుసా? మట్టిలో, పశువుల పేడలో! కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసినా, ఆ పచ్చి పుండు మీద పేడో బూడిదో అద్దినా క్రిమి లోపలికి వెళ్లేది. పుట్టిన మూడో రోజు నుంచి రెండు వారాల్లోపు బిడ్డ పాలు పట్టడం మానేసి, ఒళ్లు విల్లులా బిగుసుకుని ప్రాణం విడిచేది. దాన్ని చూసిన వాళ్లకి అది గాలి చేష్టో దుష్టశక్తి పనో అనిపించడంలో ఆశ్చర్యమేముంది? మృత్యువు నుంచి దాచడానికి బొడ్డు ఆరని బిడ్డని తీసుకెళ్లి పెట్టిన చోటే మృత్యువు కాపురం ఉండేదన్నమాట. చాట అడ్డుగా ఉండబట్టో, తంతు క్షణాల్లో ముగియబట్టో చాలామంది పెంటయ్యలు గట్టెక్కారు. గట్టెక్కిన వాళ్లని చూసి ఉపాయం ఫలించిందనుకున్నారు. గట్టెక్కని వాళ్లకి పేరు పెట్టే అవసరమే రాలేదు.

లెక్కలు చూస్తే ఆ భయం ఎంత నిజమో తెలుస్తుంది. 1951 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు 146 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. అంటే ఏడుగురిలో ఒకరు! 2020 నాటికి ఆ సంఖ్య దేశం మొత్తమ్మీద 28కి, తెలంగాణలో 21కి దిగింది. మశూచి చివరి కేసు మన దేశంలో 1975లో కనిపించింది. గర్భిణులకి ధనుర్వాతం టీకా, 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం, ఆసుపత్రి కాన్పులు, 2005 నుంచి పరుగులు తీసిన 108 వాహనాలు... ఒక్కొక్కటీ మృత్యువు దారికి అడ్డం నిలిచాయి. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని దేశం అదుపులోకి తెచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

అందుకే ఇవాళ అచ్చంపేట ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకి పెంటయ్య అని పేరు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. నామోషీ ఒక్కటే కారణం కాదు. బిడ్డ బతుకుతుందన్న ధైర్యం అంతకన్నా పెద్ద కారణం. అంతరించిపోతున్న మంచి సంప్రదాయాల గురించి బాధపడతాం. కానీ ఈ పేరు తగ్గిపోవడం మాత్రం శుభవార్త. అయితే ఆ ధైర్యం అందరికీ ఒకేలా అందలేదు. పులుల అభయారణ్యం నడిమధ్యన ఉన్న చెంచుపెంటల్లో పురిటినొప్పులు మొదలైతే ఇప్పటికీ అడవి బాటలు దాటి రావాల్సిందే. ఊరు పెంటయితే ఆసుపత్రి దూరం, పేరు పెంటయ్యయితే నవ్వులాట... రెండూ మారాల్సినవే.

కాగితాల్లో తంటా

పేరు పెట్టేవాళ్లు లేకపోయినా పేరున్న వాళ్లు మాత్రం ఊరూరా ఉన్నారు. తాతలున్నారు, నడివయసు వాళ్లున్నారు. ఊళ్లో వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. 'పెంటన్నా', 'పెంటయ్య మామా' అని పిలిచేవాళ్లకి ఆ మాటలో కుప్ప కనిపించదు, మనిషే కనిపిస్తాడు. చిక్కంతా కాగితాల దగ్గరే. ఇంగ్లిషులో ఒకచోట చివర 'ఐఏహెచ్' అని రాస్తారు, ఇంకోచోట 'వైవైఏ' అని రాస్తారు. బ్యాంకు పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే పింఛను దగ్గరా పట్టా దగ్గరా ప్రశ్నలు తప్పవు. ఆధార్‌లో పేరు సరిచేసుకునే అవకాశం మొత్తం రెండుసార్లే కాబట్టి మార్చేముందు మిగతా కాగితాల్లో ఎలా ఉందో చూసుకోవాలి.

పేరు పూర్తిగా మార్చుకోవాలంటే నోటరీ అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, ఆపైన గెజిట్... ఇలా ఓ వరస ఉంది. కొత్తగా పుట్టిన బిడ్డలకైతే జనన నమోదులో పేరు మొదటి ఏడాదిలో ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్లకి బడిలో చేరడం దగ్గర్నుంచి చాలా పనులకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. కాబట్టి ఆ ఒక్క కాగితంలో అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం ఇప్పటి అమ్మానాన్నల పని.

మార్చుకోవడం, మార్చుకోకపోవడం ఎవరిష్టం వారిది. నవ్వులు భరించలేక మార్చుకున్న వాళ్లని తప్పుపట్టేదేం లేదు. కానీ మార్చుకునే ముందు ఆ పేరు ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే ఓ చాట, ఓ కుప్ప, పక్కింటి పెద్దమ్మ, తనకన్నా ముందు పుట్టిపోయిన అన్నలూ అక్కలూ ఒక్కొక్కరుగా బయటికొస్తారు. ఏ రిజిస్టర్‌లోనూ లేని ఆ పసిపిల్లలకి మిగిలిన ఆనవాలు ఈ పేరొక్కటే.

'పేరు గొప్ప... ఊరు దిబ్బ' అని సామెత. పెంటయ్య విషయంలో అది తలకిందులు. ఇక్కడ పేరే దిబ్బ, దాని వెనకున్న ప్రేమ గొప్పది. ఈసారి ఎవరైనా ఆ పేరు చెప్పినప్పుడు నవ్వొస్తే ఒక్క క్షణం ఆగండి. ఎదురుగా ఉన్నది, తన అమ్మ మృత్యువుతో ఆడిన పందెంలో గెలుచుకున్న బిడ్డ!